ఏటా సున్నం కిందికి వెళ్లే బొమ్మలు: అసీలా గోడలు చెప్పే సంగతి

అసీలాలో ఒక గోడ మీద బొమ్మ నచ్చి ఫొటో తీసుకున్నవాళ్లు రెండేళ్ల తర్వాత అదే సందుకు మళ్లీ వెళితే ఆ బొమ్మ చాలావరకు కనిపించదు. గోడ అక్కడే ఉంటుంది. పక్కనున్న నీలం తలుపు, కిటికీకి బిగించిన ఇనుప ఊచలు అలాగే ఉంటాయి. బొమ్మ ఉన్న చోట మాత్రం తెల్లటి సున్నమో, వేరే ఎవరో వేసిన వేరే బొమ్మో ఉంటుంది. గిట్టనివాళ్లు ఎవరో చెరిపేశారని కాదు. సంక్రాంతికి ముందు మన ఊళ్లలో గోడలకు వెల్ల వేసినట్టే, అక్కడ పాత బొమ్మల మీద సున్నం కొట్టి కొత్తవాటికి చోటు చేస్తారు. మధ్యలో కొన్ని అంతరాయాలున్నా, 1978లో మొదలైన ఈ అలవాటు దాదాపు అర్ధ శతాబ్దంగా నడుస్తోంది.

అసీలా మొరాకోలో అట్లాంటిక్ తీరాన ఉన్న చిన్న ఊరు. టాంజియర్ నుంచి దక్షిణంగా 45 కిలోమీటర్ల దూరం. జనాభా సుమారు 30 వేలు. చేపల వేట మీద బతికిన పాత ఊరు, చుట్టూ కోటగోడ, ఆ గోడ లోపల ‘మదీనా’ అని పిలిచే పాతబస్తీ. ఇప్పుడు సోషల్ మీడియాలో ఈ పేరు కొడితే ముందు వచ్చేవి రంగురంగుల గోడలే. చాలామంది వాటి కోసమే వెళ్తారు, ఒక పూట తిరుగుతారు, ఫొటోలు దిగి సాయంత్రం రైలెక్కేస్తారు. వాళ్లను తప్పు పట్టాల్సిన పని లేదు. అయితే ఈ బొమ్మలు టూరిస్టుల కోసం పుట్టినవి కావు. ఒక మున్సిపాలిటీ తన ఊరిని తానే బాగు చేసుకోవడానికి ఎంచుకున్న దారిలో ఇవి ఒక భాగం. ఆ సంగతి తెలిసి చూస్తే అవే గోడలు వేరేగా కనిపిస్తాయి.

కోటగోడ పోర్చుగీసు వాళ్లది. 1471 ఆగస్టులో రాజు ఐదో అఫొన్సో నౌకాదళంతో వచ్చి ఊరిని పట్టుకున్నాడు. ఆ దండయాత్రను అల్లిన పెద్ద పెద్ద నేత చిత్రాలు నేటికీ స్పెయిన్‌లోని పస్త్రానాలో ఉన్నాయి. 1578లో పోర్చుగల్ రాజు సెబాస్టియన్ స్వయంగా సైన్యంతో ఇక్కడే దిగి, ఇక్కడి నుంచే లోపలికి నడిచి, అల్కాసెర్ కిబీర్ యుద్ధంలో ప్రాణాలు పోగొట్టుకున్నాడు. వారసుడు లేకుండా అతను పోవడంతో రెండేళ్లకే పోర్చుగల్ సింహాసనం స్పెయిన్ రాజు చేతికి వెళ్లిపోయింది. ఇంత చిన్న రేవుకు అంత పెద్ద కథ ఉంది. బాబ్ హోమర్ అనే ద్వారం పైన పోర్చుగీసు రాజచిహ్నం ఇంకా ఉంది కానీ, ఉప్పుగాలికి అరిగిపోయి ఎక్కడ కిరీటం, ఎక్కడ డాలు అన్నది పోల్చుకోవడం కష్టం. రాతికే ఆ గతి పట్టించిన గాలి రంగును ఎంతకాలం ఉండనిస్తుంది?

అసలు కథ 1970లలో మొదలవుతుంది. అప్పటికి మదీనా శిథిలావస్థలో ఉంది. గోడలు కూలుతున్నాయి, మురుగు, చెత్త, కరెంటు అన్నీ సమస్యలే. పని దొరక్క కుర్రాళ్లు టాంజియర్‌కో, సముద్రం దాటి యూరప్‌కో పోతున్నారు. ఆ సమయంలో ఊరి బిడ్డలు ఇద్దరు తిరిగి వచ్చారు. ఒకరు మొహమ్మద్ బెనైస్సా, 1937లో ఇక్కడే పుట్టినవాడు. అమెరికాలో చదివి, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థలో పనిచేశాడు. రెండో వ్యక్తి మొహమ్మద్ మెలేహి, 1936లో పుట్టిన చిత్రకారుడు. సెవిల్, మాడ్రిడ్, రోమ్, న్యూయార్క్ తిరిగి వచ్చి కాసాబ్లాంకా కళాశాలలో పాఠాలు చెప్పాడు. ఇద్దరూ 1976లో మున్సిపల్ కౌన్సిల్‌కు ఎన్నికయ్యారు. ఒక కౌన్సిలర్‌కు ప్రపంచంలో పరిచయాలున్నాయి, ఇంకొకరి చేతిలో కుంచె ఉంది. మున్సిపాలిటీ ఖజానాలో మాత్రం డబ్బు లేదు.

మెలేహి దగ్గర ఒక ఆలోచన అప్పటికే పండి ఉంది. కాసాబ్లాంకా కళాశాలలో ఫరీద్ బెల్కాహియా డైరెక్టర్‌గా ఉన్న రోజుల్లో, అక్కడి చిత్రకారులు ఫ్రెంచి పాలన వదిలిపెట్టి వెళ్లిన చదువుపై తిరగబడ్డారు. గ్రీకు విగ్రహాలు చూసి బొమ్మలు గీయడం మానేసి తివాచీలు, నగలు, మసీదుల పైకప్పుల మీది రంగులు చూడమని విద్యార్థులకు చెప్పారు. 1969లో బెల్కాహియా, మెలేహి, మొహమ్మద్ షబా, ఇంకో ముగ్గురు కలిసి మర్రకేష్‌లోని జెమా ఎల్ ఫ్నా మైదానంలో తమ చిత్రాలను ఆరుబయట గోడకు తగిలించారు. పాములవాళ్లు, కథలు చెప్పేవాళ్లు, నారింజ రసం అమ్మేవాళ్లు తిరిగే చోటది. గ్యాలరీ గడప తొక్కని మనిషి కూడా బొమ్మ ముందు నిలబడాలన్నది వాళ్ల పట్టుదల. తొమ్మిదేళ్ల తర్వాత మెలేహి అదే పట్టుదలను తన సొంత ఊరికి తెచ్చాడు. ఈసారి బొమ్మను తెచ్చి గోడకు తగిలించలేదు. గోడనే బొమ్మ చేశాడు.

1978లో మొరాకో చిత్రకారులు పది పన్నెండు మంది వచ్చి మదీనా ఇళ్ల గోడల మీద బొమ్మలు వేశారు. ఆ ఏడాదే బెనైస్సా, మెలేహి కలిసి ‘అల్ ముహీత్’ అనే సాంస్కృతిక సంఘం పెట్టారు. ముహీత్ అంటే మహాసముద్రం. సంఘం నడిపే ఉత్సవానికి ‘మౌసెమ్’ అని పేరు. హైదరాబాద్‌లో ఉర్దూ విన్నవాళ్లకు ఈ మాట కొత్త కాదు. వాతావరణం, రుతువు అనే అర్థంలో మనం వినే మౌసమ్ అదే అరబ్బీ మాట. మొరాకోలో దాన్ని ఏటా ఒక కాలంలో వచ్చే జాతరకు వాడతారు. అంటే ఈ ఉత్సవం పేరులోనే ‘ఏటా వచ్చి పోయేది’ అన్న భావం ఉంది. బొమ్మ శాశ్వతంగా ఉండాలని ఎవరూ అనుకోలేదు.

ఇక్కడే ఆ ఇద్దరి తెలివి అర్థమవుతుంది. ఊరు బాగుపడాలంటే కాలువలు తవ్వించాలి, వీధులకు రాళ్లు పరిపించాలి, గోడలు నిలబెట్టాలి. ఇవన్నీ ప్రభుత్వం చేయాల్సిన పనులే. కానీ ఎవరికీ పట్టని ఊరికి డబ్బు రాదు. ఊరివాళ్లకే తమ వీధి మీద ఆశ లేకపోతే డబ్బు వచ్చినా నిలవదు. ఒక చిత్రకారుడు వచ్చి ఒక ఇంటి గోడ మీద వారం రోజులు పని చేస్తే ఆ ఇంటావిడ టీ పెట్టి ఇస్తుంది, పిల్లలు రంగు డబ్బాల చుట్టూ చేరతారు, పక్కింటాయన వచ్చి ఇది ఏమిటని అడుగుతాడు. ఆ గోడ కింద చెత్త వేయడానికి తర్వాత ఎవరికైనా చేతులు రావు. వీధి శుభ్రంగా ఉంటే ఇల్లు బాగు చేసుకోవాలనిపిస్తుంది. పునరుద్ధరణ పనులు బొమ్మల వెంటే సాగాయి. 1989లో ఈ మొత్తం కృషికి వాస్తుకళలో ప్రతిష్ఠాత్మకమైన ఆగాఖాన్ అవార్డు వచ్చింది. గమనించాల్సింది ఏమిటంటే, అవార్డు గోడ బొమ్మలకు ఇవ్వలేదు, ‘అసీలా పునరుద్ధరణ’కు ఇచ్చారు. మెలేహి, అతని మిత్రులు ఇదే పద్ధతిని 1981లో బెర్రెషిద్ పట్టణంలోని మానసిక చికిత్సాలయానికి తీసుకెళ్లి, అక్కడి రోగులతో కలిసి గోడలకు రంగులు వేశారు. అది టూరిస్టులు వచ్చే చోటు కానే కాదు. వీళ్ల ఉద్దేశం ఏమిటో తేల్చి చెప్పడానికి అంతకు మించిన రుజువు అక్కర్లేదు.

ఇక గోడ సంగతి. అసీలా బొమ్మలు ఎందుకు నిలవవో తెలుసుకోవాలంటే ఒక గోడ దగ్గరికి వెళ్లి అడుగు దూరంలో నిలబడి చూడాలి. నేల నుంచి మోకాలి ఎత్తు వరకు రంగు ఉబ్బి, బుడగల్లా లేచి ఉంటుంది. ఒక బుడగను వేలితో తాకితే పెచ్చు ఊడి పడుతుంది, దాని వెనక తెల్లటి సన్నని పొడి కనిపిస్తుంది. అది సున్నం కాదు, ఉప్పు. సముద్రపు తుంపర గాలిలో కొట్టుకొచ్చి గోడ మీద పేరుకుంటుంది. నేలలోని తేమ కూడా ఉప్పును కరిగించుకుని, దీపం వత్తి నూనెను పీల్చినట్టు గోడలోకి పైకి ఎక్కుతుంది. ఎండ కాసినప్పుడు నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం గోడలో మిగిలి స్ఫటికాలుగా పెరుగుతుంది. పెరిగే స్ఫటికం పై పొరను తోసేస్తుంది. వర్షాకాలం, ఎండాకాలం మారిమారి వస్తుంటే ఈ తోపిడి ఆగదు.

పాత కాలపు సున్నపు పూతకు దీన్ని తట్టుకునే గుణం ఉంది. సున్నం గాలి ఆడనిస్తుంది, తేమను బయటికి వదిలేస్తుంది, పొడిపొడిగా రాలినా గోడను లాక్కుని పోదు. అందుకే తీరంలో ఇళ్లకు ఏటా వెల్ల వేసే అలవాటు ఇక్కడైనా మన తీరంలో అయినా వచ్చింది. అది అందం కోసం మాత్రమే కాదు, గోడ ఆరోగ్యం కోసం. ఇప్పుడు బొమ్మలకు వాడే ఎమల్షన్, ఆక్రిలిక్ రంగులు ఆరాక గోడ మీద ప్లాస్టిక్ తొడుగులా బిగుసుకుంటాయి. లోపలి తేమకు దారి దొరకదు. రంగు ఎంత ఖరీదైనదైతే అంత గట్టిగా అంటుకుంటుంది, ఊడేటప్పుడు అంత పెద్ద పెచ్చు ఊడుతుంది. కాబట్టి పాత బొమ్మ గోకి, సున్నం కొట్టి, మళ్లీ కొత్తది వేయడం కళాకారుల సరదా ఒక్కటే కాదు, ఆ గోడలకు అది అవసరం కూడా. పాత సున్నం పని, కొత్త చిత్రకళ ఒకే మేస్త్రీ చేతి మీదుగా నడిచే ఊరు ఇది. ఇందులోని అందం ఏ ఒక్క బొమ్మలోనూ లేనంత గొప్పది.

అందరూ బొమ్మల దగ్గరే ఆగిపోతారు కానీ, కోటగోడ అవతలి రేవు చూడకుండా ఈ ఊరు అర్థం కాదు. అలలను ఆపడానికి రాళ్లతో కట్టిన గట్టు, దాని చాటున చిన్న చిన్న చెక్క పడవలు, ఒడ్డున కుప్పలుగా వలలు. ఇది పెద్ద హార్బర్ కాదు. పెద్ద మరపడవలు టాంజియర్‌కో, దక్షిణాన లరాష్‌కో వెళ్తాయి. అట్లాంటిక్ చల్లటి ప్రవాహం వల్ల మొరాకో తీరం సార్డైన్ అనే చిన్న చేపలకు పెట్టింది పేరు. డబ్బాల్లో నింపిన సార్డైన్ల ఎగుమతిలో ఆ దేశం ప్రపంచంలోనే ముందు వరసలో ఉంటుంది. టాంజియర్ కింది తీరంలో వేసవికి ముందు ట్యూనా చేపలు మధ్యధరా సముద్రం వైపు వెళ్లే దారిలో వలలతో పెద్ద ఉచ్చు కట్టి పట్టే పాత పద్ధతి కూడా ఉంది. స్పెయిన్‌లో దాన్ని ‘అల్మద్రబా’ అంటారు, ఆ పేరు అరబ్బీదే.

మరి బొమ్మల వల్ల ఈ వేటగాళ్లకు ఏం ఒరిగింది? నిజాయితీగా చెప్పాలంటే జవాబు సగం సగమే. భోజనశాలలు పెరిగాయి, వేసవిలో చేపకు మంచి ధర పలుకుతుంది, గదులు అద్దెకిచ్చుకునే కుటుంబాలకు ఆదాయం వచ్చింది. అదే సమయంలో మదీనాలో ఇళ్ల ధరలు పెరిగిపోయాయి. యూరప్ వాళ్లు, కాసాబ్లాంకా, రబాత్‌ల నుంచి వచ్చిన డబ్బున్నవాళ్లు ఇక్కడ సెలవు ఇళ్లు కొనుక్కున్నారు. చలికాలం వెళితే అందంగా రంగులు వేసిన ఎన్నో తలుపులకు తాళాలు కనిపిస్తాయి. తాతల నాటి ఇల్లు మంచి ధరకు అమ్ముకుని కోట బయట కొత్త అపార్ట్‌మెంట్‌లోకి మారిన కుటుంబాన్ని తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. అయితే గోడ మీద ఊరివాళ్లకు మమకారం కలగాలని మొదలుపెట్టిన పని చివరికి ఆ గోడను ఊరివాళ్లకు అందనంత ఖరీదు చేసింది. ఇది అసీలా కథలో దాచకూడని భాగం, దాని గురించి మాట్లాడకుండా ఆ గోడలను మెచ్చుకోవడం అన్యాయం.

ఇదే చిక్కు వేరే చోట్ల వేరే రూపంలో వచ్చింది. దక్షిణ కొరియాలో తోంగ్‌యోంగ్ రేవు మీద కొండవాలున డోంగ్‌పిరాంగ్ అనే పేదల వాడ ఉంది. పాతకాలపు నౌకాదళం తోపుల బురుజును మళ్లీ కట్టడానికి ఆ వాడను కూల్చేయాలని అధికారులు నిర్ణయించారు. 2007లో ఒక పౌర సంఘం పిలుపునిస్తే చిత్రకారులు, విద్యార్థులు వచ్చి గోడలన్నీ బొమ్మలతో నింపేశారు. చూడటానికి జనం విరగబడ్డారు, కూల్చివేత ఆగిపోయింది. అక్కడ బొమ్మ ఇంటికి కాపలా కాసింది. రెండేళ్లకోసారి బొమ్మలు మార్చే పద్ధతి అక్కడా పెట్టుకున్నారు. సియోల్‌లోని ఇహ్వా వాడలో మాత్రం కథ అడ్డం తిరిగింది. రాత్రీ పగలూ వచ్చే సందర్శకుల గోల భరించలేక 2016లో కొందరు నివాసులే మెట్ల మీది చేపల బొమ్మకు, పూల బొమ్మకు రంగు పూసి చెరిపేశారు. అదే ఏడాది వియత్నాంలో తామ్ థాన్ అనే మత్స్యకార గ్రామంలో కొరియా చిత్రకారులు ఇళ్ల మీద బొమ్మలు వేసి వెళ్లారు. మొదట్లో జనం బాగా వచ్చారు. తర్వాత ఉప్పుగాలి తన పని తాను చేసుకుపోయింది, రంగులు వెలిశాయి. బొమ్మ వేయడానికి పండగలా వచ్చేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. మూడో ఏడు సున్నం బకెట్ పట్టుకుని వచ్చేది ఎవరన్నదే అసలు ప్రశ్న.

మన దగ్గర స్వచ్ఛ సర్వేక్షణ్ పుణ్యమా అని మున్సిపాలిటీలు ఫ్లైఓవర్ స్తంభాలకు, ఆఫీసుల ప్రహరీలకు బొమ్మలు వేయిస్తున్నాయి. మంచి పనే, నడిచేవాళ్ల కంటికి హాయిగా ఉంటుంది. కానీ అవి ఎవరూ కాపురముండని గోడలు. విశాఖలో జాలారిపేట లాంటి వాడలో, ఇంటివాళ్లను అడిగి, వాళ్ల గోడ మీద వాళ్లకు నచ్చిన బొమ్మ వేసి, ఏటా మళ్లీ వచ్చి బాగు చేయడం వేరే పని. దానికి రంగుల కాంట్రాక్టు సరిపోదు. ఆ వీధిలో కాలువ పారుతోందా, నీళ్లు వస్తున్నాయా అన్నది కూడా అదే ఫైలులో ఉండాలి. అసీలాలో అలా ఉండటానికి కారణం బొమ్మల నిర్ణయం తీసుకున్నది కౌన్సిల్‌లో కూర్చున్న మనుషులే కావడం.

వెళ్లేవాళ్లకు దారి సులువే. టాంజియర్ నుంచి దక్షిణంగా వెళ్లే మామూలు రైలు ఇక్కడ ఆగుతుంది, స్టేషన్ ఊరికి ఉత్తరంగా రెండు కిలోమీటర్లు. పొద్దున్నే వెళ్లడం మేలు, సందుల్లో ఎండ ఏటవాలుగా పడుతుంది, షాపులు ఇంకా తెరవరు. మదీనా చిన్నది, మ్యాప్ లేకుండా తిరిగినా చివరికి ఏదో ఒక వైపు సముద్రమో, ఏదో ఒక ద్వారమో తగులుతుంది. బొమ్మలున్న గోడలు ఎవరి ఇళ్లవో ఆ మనుషులు లోపలే ఉంటారు. కిటికీలోకి కెమెరా పెట్టకుండా, తలుపు ముందు గంటసేపు ఫోజులివ్వకుండా ఉండటం కనీస మర్యాద. పాత వేట పడవల నీలం రంగు ఇళ్ల కింది అంచుకు వేసిన నీలం, ఆకుపచ్చ పట్టీల్లోనూ కనిపిస్తుంది. కొత్త బొమ్మ పక్కనే ఈ పట్టీని కూడా చూడాలి.

కాంగో కవి చికాయా ఊ తామ్సీ పేరు మీద ఇక్కడ ఒక తోట ఉంది. 1988లో ఆయన చనిపోయాక ఆఫ్రికా కవులకు ఆయన పేరుతో బహుమతి ఇవ్వడం కూడా ఈ ఊరే మొదలుపెట్టింది. సముద్రంలోకి పొడుచుకు వచ్చిన క్రిక్వియా బురుజు మీద సాయంత్రం ఊరు ఊరంతా సూర్యాస్తమయం చూడటానికి చేరుతుంది. దాని పక్కనే ఒక దర్గా, దాని ముందు రంగు పలకలు పరిచిన పాత సమాధులు. ఆ పలకల మీద రంగు మట్టితో పాటు కాలి గాజులా గట్టిపడింది కాబట్టి ఉప్పుగాలి దాన్ని ఊడదీయలేకపోయింది. గోడ మీది బొమ్మలకు లేని ఆయుష్షు వాటికి ఉంది.

మెలేహి 2020 అక్టోబరులో కరోనాతో పారిస్‌లో కన్నుమూశాడు. సాంస్కృతిక మంత్రిగా, అమెరికాలో రాయబారిగా, 1999 నుంచి 2007 దాకా విదేశాంగ మంత్రిగా పనిచేస్తూ కూడా అసీలా మేయర్ కుర్చీని వదలని బెనైస్సా 2025 ఫిబ్రవరిలో వెళ్లిపోయాడు. నాలుగు దశాబ్దాల పాటు ఆ ఊరికి ఒక్క మనిషే పెద్ద దిక్కు కావడం బలమూ అయింది, బలహీనతా అయింది. ఉత్సవం పెద్దల సభలా మారిపోయిందని, స్థానిక కుర్రాళ్లకు చోటు తగ్గిందని ఆయన ఉండగానే విమర్శలు వచ్చాయి. ఇప్పుడు వెళ్లేవాళ్లు అక్కడ ఒక విషయం ప్రత్యేకంగా గమనించవచ్చు. తాళం వేసిన సెలవు ఇళ్ల గోడల మీద సున్నం తాజాగా ఉందా, మనుషులు కాపురముంటున్న ఇళ్ల గోడల మీద తాజాగా ఉందా అన్నది.